విక్టోరియా రాణి కాలం నాటి నా సవతి

నా సవతి చచ్చి వందేళ్లు దాటింది. అయినా నా ఇంట్లో ఆమె పెత్తనం ఏమాత్రం తగ్గలేదు. పొద్దున టీ తాగుతుంటే ఆమె కబురే, రాత్రి అన్నం దగ్గరా ఆమె కబురే. ఆమెకు నాలుగు కాళ్లు, నుదుట తెల్లటి మచ్చ, ఇంగ్లండులో ఒక సమాధి ఉన్నాయి. నాకున్నది సౌదీలో ఉండొచ్చు గానీ పని చేయడానికి వీల్లేదని రాసిన ఒక ఇఖామా కార్డు, గోడకు ఆనించి వేసిన ఒక కుట్టుమిషను. ఈ పోటీ సమానంగా లేదని నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను.

మా ఆయన రియాద్ ఊరి బయట, ఖర్జ్ వైపు వెళ్లే దారిలో, ఒక గుర్రాల ఫారంలో ఆఫీసు పని చేస్తాడు. గుర్రం ఎక్కడం రాదు. గుర్రం సకిలిస్తే రెండడుగులు వెనక్కి వేస్తాడు. ఆయన పనంతా కంప్యూటర్ ముందే. ఏ ఆడగుర్రాన్ని ఏ మగగుర్రానికి దాటించారు, ఎప్పుడు ఈనింది, పిల్ల ఏ రంగు, దాని తల్లి ఎవరు, తల్లి తల్లి ఎవరు, ఇవన్నీ ఇంగ్లీషులో రాసి పంపడం. నంద్యాలలో బీకాం చదివి, బట్టల కొట్టులో కూర్చున్న మనిషి ఎట్లా తిరిగి తిరిగి ఇక్కడ తేలాడో అదో పెద్ద కథ, ఇప్పుడు వద్దు. పెళ్లయిన కొన్నాళ్లకు ఫ్యామిలీ వీసా తీసి నన్నూ తెచ్చుకున్నాడు. ఫారం గోడ లోపలే రెండు గదుల ఇల్లిచ్చారు. కిటికీ తీస్తే గడ్డి వాసన, మూస్తే ఏసీ మోత.

మాది దూదేకుల ఇల్లు. నమాజు అరబ్బీలో, పోట్లాట తెలుగులో. నగరంలో ఉండే హైదరాబాదు ఆడవాళ్లు నా ఉర్దూ విని దుపట్టా చాటున నవ్వుకుంటారు. ఫారంలో పనిచేసే సూడాన్ వాళ్లతో, పాకిస్తాన్ వాళ్లతో నాకేం మాటలుంటాయి? మనసు విప్పి మాట్లాడుకోవడానికి మా ఆయన తప్ప నాకు వేరే దిక్కు లేదు. ఉన్న ఆ ఒక్క నోటినీ ఒక చచ్చిన గుర్రం ఎత్తుకుపోయిందంటే నాకు కడుపు మండదా?

ఆమె మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెబుతాను. మా కఫీల్, అంటే ఫారం యజమాని, విదేశంలో వేలంపాటలో ఒక ఎర్ర ఆడగుర్రాన్ని కొన్నాడు. దాని తల్లి, ఆ తల్లి తల్లి, అలా వెనక్కి పోతూ ఉంటే విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో పరుగెత్తిన ఒక గొప్ప ఆడగుర్రం దగ్గర ఆగుతుందట. ఇక్కడి పాతకాలపు ఎడారి మనుషులు గుర్రం వంశాన్ని తల్లి వైపు నుంచే లెక్క కడతారు. తండ్రి ఎంత గొప్పవాడైనా సరే, ‘తల్లి ఎవరు?’ అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. గుర్రాల్లోనైనా ఆ మాట అడిగేవాళ్లున్నారు, సంతోషం. కఫీల్ అప్పుడు కొత్త మజ్లిస్ కట్టిస్తున్నాడు, అతిథులు కూర్చునే పెద్ద హాలు. దాని గోడ మీద ఆ పెద్దమ్మ బొమ్మ పెట్టించి, ఆమె పరుగుల కథ, పిల్లల కథ ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ రాయించాలని, మజ్లిస్ తెరిచే రోజు అందరి ముందూ చదివించాలని ఆయన కోరిక. ఆ పని మా ఆయన నెత్తిన పడిందని నేను జాలిపడ్డాను. తీరా చూస్తే అది ఆయన ఒళ్లో పడింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పకపోతే నా కుళ్లు ఎవరికీ అర్థం కాదు. ఊరికే గుర్రాన్ని చూసి ఏడ్చే పిచ్చిదాన్ని కాను నేను. ఇక్కడికి వచ్చాక నాకు కడుపు నిలిచింది. ఏడో నెలలో ఒక పొద్దున బిడ్డ కదలడం మానేసింది. ఆడపిల్ల. ఆస్పత్రిలో గుడ్డలో చుట్టి కాసేపు చూపించారు. ఏడో నెల దాకా పెరిగిన బిడ్డ గనుక స్నానం చేయించి, పేరు పెట్టి, జనాజా నమాజు చదివి మట్టి చేయాలి. పేరు పెట్టాం. ఆ పేరు ఇక్కడ రాయను, అది నాది. హఫర్ అల్ బాతిన్‌లో లారీ నడిపే మా అన్న కబురు వినగానే దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చాడు. ఇద్దరు మగవాళ్లూ బిడ్డను ఎత్తుకుని వెళ్లారు. ఇక్కడ ఆడవాళ్లను ఖబ్రస్తాన్ లోపలికి రానివ్వరు. నేను మంచం మీదే ఉన్నాను. పాలు చేపుకొచ్చి బట్టలు తడుస్తుంటే గోడ వైపు తిరిగి పడుకున్నాను.

తిరిగొచ్చాక మా అన్న నా తల మీద చెయ్యి పెట్టి, “అయిపాయ పాపా. అంతా బాగనే జరిగింది” అన్నాడు. మా ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి మంచం చివర కూర్చున్నాడు. ఎక్కడ పెట్టారు, ఎవరి పక్కన పెట్టారు, దగ్గర్లో నీడ ఉందా, మట్టి మెత్తగా ఉందా, ఎన్ని అడగాలని ఉందో నాకు. ఒకసారి అడిగాను కూడా. “గమ్మున పండుకో. అయ్యన్నీ ఇప్పుడెందుకు” అన్నాడు. ఆ తర్వాత నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నాకు కావలసింది ఆ ఒక్కటే. నా బిడ్డ ఎక్కడ పడుకుందో ఆయన నోటితో చెప్పాలి. ఆ మాట చెప్పని నోరు పొద్దస్తమానం ఇంకొకతె సంగతులు చెబుతుంటే నేనెలా ఊరుకుంటాను?

ఆ ఇంకొకతె చరిత్రంతా నాకు కంఠతా వచ్చు. పుట్టినప్పుడు కాళ్లు పొడుగు, ఒళ్లు పొట్టి, చూసినవాళ్లంతా పెదవి విరిచారట. రెండేళ్ల వయసులో పందేలకు తీసుకెళ్తే ఎక్కడా గెలవలేదు. మరుసటి ఏడు ఆడగుర్రాలకే పెట్టిన ఒక పెద్ద పందెం నాడు వాన కురిసి నేలంతా బురదైంది. మిగతావన్నీ జారుతూ పడుతూ ఉంటే ఇది మాత్రం తన దారిన తాను పోయి గెలిచింది. “బురదలో కాలు యాడ పెట్టల్లో దానికే తెలుసు. పైన జాకీ ఊరికే కూచున్యాడు, అంతే” అని మా ఆయన అన్నం కలపడం ఆపి మరీ చెప్పాడు. అన్నం ఆరిపోయింది. నేను చేసిన పప్పు ఎలా ఉందో మాత్రం ఆ రోజూ చెప్పలేదు.

ఆ తర్వాత మగగుర్రాలతో పోటీకి దించారు. గెలిచేకొద్దీ వీపు మీద బరువు పెంచడం అక్కడి పద్ధతట, మిగతావాటికి కూడా అవకాశం ఉండాలని. నాకు ఆ పద్ధతి వింతగా అనిపించలేదు. బాగా చేసే ఆడదాని మీద ఇంకాస్త వేయడం అన్ని ఇళ్లలోనూ ఉన్నదే. ఒక పందెంలో మెడంత తేడాతో ఓడిపోయింది, ఇంకో రెండింట్లో గెలిచింది. ఊరూరా పందేలకు రైల్లో తీసుకెళ్లేవాళ్లట. పక్కన తనకు అలవాటైన మేక ఉంటే తప్ప పెట్టె ఎక్కేది కాదట. దానికోసం మేకకు కూడా రైల్లో చోటిచ్చేవాళ్లు. అది చెప్పి మా ఆయన ముసిముసిగా నవ్వాడు. నేను ఈ దేశానికి వచ్చేటప్పుడు హైదరాబాదులో విమానం ఒక్కదాన్నే ఎక్కాను, బెల్టు పెట్టుకోవడం కూడా తెలియక పక్కనాయన్ని చూసి పెట్టుకున్నాను. నాకు మేక కూడా తోడు రాలేదు.

కొరడా తగిలిందంటే ఉన్నచోటే ఆగిపోయేదట. కొట్టినవాణ్ణి గెలిపించేది కాదు. “ఎంత రోషమో చూడు దానికి!” అని మా ఆయన మురిసిపోయాడు. రోషమట. పెళ్లయిన కొత్తలో మా అత్త ఏదో మాట అందని నేను పూటలకు పూటలు అన్నం మానేసినప్పుడు, ఇదే మనిషి దాన్ని మొండితనం అన్నాడు. గుర్రానికైతే రోషం, పెళ్లానికైతే మొండితనం. ఆ మాట పైకే అన్నాను. “అదీ ఇదీ ఒకటా?” అన్నాడు. ఒకటి కాదు నిజమే, దాని రోషాన్ని పటం కట్టి గోడకు పెడుతున్నారు.

ఇంకో సంగతి. రేసు గుర్రాలన్నిటికీ పుట్టినరోజు ఒకటే. ఏ నెలలో పుట్టినా సరే, జనవరి ఒకటో తేదీన ఒక ఏడు పెరిగినట్టు లెక్క. నా పాస్‌పోర్టులోనూ పుట్టినరోజు జనవరి ఒకటే. నన్ను బళ్లో వేసేటప్పుడు మా నాయనకు తేదీ గుర్తులేకపోతే అయ్యవారు అలా రాసేశాడు. ఈ పోలిక తట్టిన రోజు మా ఆయన పగలబడి నవ్వాడు. “నువ్వూ వాళ్ల జాతేనే” అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వి, వంటింట్లోకి పోయి, ఉగ్గాని చేసి బజ్జీలు లేకుండా పెట్టాను. బజ్జీ లేని ఉగ్గాని ముందు పెడితే దాని అర్థమేమిటో మా వైపు మగాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆయన గమనించలేదు. ఫోనులో ఆమె బొమ్మను పెద్దది చేసి కాళ్ల కీళ్లు చూస్తున్నాడు.

ఆ బొమ్మ నేనూ చూశాను. ఆ కాలంలో ఎవరో రంగులతో వేసింది. తల చిన్నది, కాళ్లు పొడుగు, కళ్లు మాత్రం పెద్దవి. బాగుంది. బాగుంది కాబట్టే నాకు మండింది. మా పెళ్లి ఫోటో ఫోనులోనే ఉంది, దాన్ని ఆయన ఏనాడూ వేళ్లతో పెద్దది చేసి చూసుకోలేదు.

చచ్చినదాని మీద ఎంత కుళ్లుకున్నా ఒక హద్దుంటుంది గదా, అందుకని దేవుడు నాకు బతికినదాన్ని కూడా ఇచ్చాడు. ఆ వంశపు ఎర్రది మా కిటికీకి ఎదురుగానే ఉంటుంది. దానికి వేరే ఫ్యాన్లు, ఒళ్లు తోమి మేత పెట్టడానికి వేరే సాయిసు, ఎండ తగ్గాక నడక. చూలు నిలిచిందో లేదో చూడ్డానికి డాక్టరు మిషను తెచ్చి పెడతాడు. నిలిచిందని తెలిసిన రోజు మా ఆయన మిఠాయి డబ్బా తెచ్చాడు. తెచ్చి నా చేతికే ఇచ్చాడు. నేను డబ్బా విప్పకుండా ఫ్రిజ్జు మీద పెట్టాను. అది అక్కడే గట్టిపడింది.

అసలు రగడ మాత్రం పెద్దమ్మ ఖాళీ ఏళ్ల దగ్గర మొదలైంది. ముంగాలి నరం దెబ్బతిన్నాక పందేలు మానిపించి, ఆమెను పిల్లల కోసం పెట్టుకున్నారు. మొదటి ఏడు దాటించారు, నిలవలేదు. తర్వాతి ఏడు నిలిచింది, ఈసుకపోయింది. పశువుకు కడుపు పోతే మా వైపు ఆ మాటే అంటారు, కోపమొస్తే ఆడవాళ్లను కూడా అంటారు. ఆ తర్వాత కవలలు, రెండూ చచ్చి పుట్టాయి. అక్కడి యజమాని విసిగిపోయి వేలంలో పెట్టాడు. ఎవరూ పాడకపోతే పల్లెటూళ్లో ఉండే ఒక ముసలాయన కొనుక్కున్నాడు. ఆయన దగ్గరా కొన్నేళ్లు ఖాళీయే. ఎప్పటికో ఒక చిన్న ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఒక్క పందెమూ గెలవలేదు గానీ, దాని కూతుళ్లూ మనవరాళ్లూ దేశదేశాల్లో గెలిచాయి. మా కిటికీ ఎదురుగా ఉన్న ఎర్రది ఆ చిన్నపిల్ల సంతానమే.

ఈ కథలో మా ఆయన ఆ ఖాళీ ఏళ్ల దగ్గర ఆగిపోయాడు. రాస్తాడు, తుడుస్తాడు, మళ్లీ రాస్తాడు. ఆ ఏళ్ల గురించి పాత పుస్తకాల్లో ఒక్కో ముక్క తప్ప ఏమీ దొరకలేదట. ఒకనాడు నేను బత్తా బజారు నుంచి తెచ్చుకున్న కరివేపాకు దూస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

“మే, ఒక మాట. ఆ కవల పిల్లలు పోయినంక దానికి ఎట్లుండి ఉంటుందంటావు? నువ్వు ఆడదానివి గదా, నీకైతే తెలుస్తాది” అన్నాడు.

నా చేతిలో రెబ్బ అలాగే ఉండిపోయింది. పోయిన బిడ్డ గురించి మా ఇంట్లో వినిపించిన మొదటి ప్రశ్న అది. అది కూడా నా బిడ్డ గురించి కాదు.

“నన్నెందుకు అడుగుతారు? పోయి దాన్నే అడగండి” అన్నాను.

“అట్లగాదే, రాయల్ల గదా.”

“రాసుకోండి అయితే. పాలు చేపుకొచ్చి ఉంటాయి. తాగేటోళ్లు లేక గట్టిపడి ఉంటాయి. గోడ తట్టు తిరిగి నిలబడుకోని ఉంటాది. ఎవ్వరూ వచ్చి ఎట్లుండావని అడిగిండరు. రాసుకోండి, బాగా రాసుకోండి.”

ఆయన నా వైపు చూశాడు. లేచి బయటికి పోయాడు. రాసుకోవడానికే పోయాడనుకున్నాను. నిజంగానే రాశాడు. తర్వాత చదివి వినిపించిన దాంట్లో, కవలలు పోయాక ఆ గుర్రం చాలా రోజులు గోడ వైపు తిరిగి నిలబడేదని ఒక వాక్యం ఉంది. నా ఏడుపు తీసుకుపోయి దానికి తొడిగాడు. నా పెళ్లి చీర దానికి కట్టినా నాకు అంత మంట ఉండేది కాదు.

మజ్లిస్ తెరవడానికి ముందు కఫీల్ అంతా చదివించుకుని విన్నాడు. చాలా బాగుంది గానీ చచ్చిన పిల్లల సంగతి తీసేయమన్నాడు. శుభమా అని కొత్త ఇంట్లో కూర్చుంటూ ఆ మాటలెందుకని ఆయన బాధ. ఎవరైనా అదే అంటారు. మా ఆయన కఫీల్‌కి ఎదురు చెప్పే మనిషి కాదు. ఊరికి పోవడానికి సెలవు అడగాలంటేనే గొంతు సవరించుకుంటూ ఆ గుమ్మం చుట్టూ తిరుగుతాడు. అట్లాంటివాడు “తీయను” అన్నాడట. “అవీ దాని పిల్లలే. ఈడగూడా తీసేస్తే వాటికి ఇంగ యాడా చోటు లేదు” అని అరబ్బీలో, తడబడుతూనే, చెప్పాడట. కఫీల్ సరే ఉంచు అన్నాడట. ఇంటికొచ్చి, చెంబెడు నీళ్లు తాగాక గానీ మా ఆయన ఈ సంగతి చెప్పలేకపోయాడు.

ఇంకో ఆడదైతే మొగుడి ధైర్యానికి మురిసిపోయేదేమో. నాకు ఒళ్లంతా కారం పూసినట్టయింది. మా బిడ్డ పోయినప్పుడు వాళ్లమ్మ ఫోనులో, “ఊర్లో ఎవురికీ చెప్పొద్దు నాయనా, మళ్ల కడుపొచ్చినప్పుడు చెప్పుకుందాం” అంటే, ఇదే మనిషి “సరేమా” అన్నాడు. నా ఎదురుగానే అన్నాడు. మా బిడ్డ పుట్టిందనీ పోయిందనీ మా ఊళ్లో ఈ రోజుకీ చాలామందికి తెలియదు. గుర్రం పిల్లల కోసం ఉద్యోగాన్ని పణంగా పెట్టాడు, నా బిడ్డ కోసం ఫోనులో ఒక ‘కాదు’ అనలేకపోయాడు.

మజ్లిస్ తెరిచిన రోజు మధ్యాహ్నం మగవాళ్లంతా హాల్లో, ఆడవాళ్లం పక్క గదిలో. మధ్యలో తెర, మాటలన్నీ వినిపిస్తాయి. కఫీల్ వాళ్ల అమ్మ నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుని, చేతికి ఖహ్వా, అదే అరబ్బీ కాఫీ, గిన్నెలో పోసి ఇచ్చింది. తెర అవతల మా ఆయన చదవడం మొదలుపెట్టాడు. ఇంట్లో అన్నిసార్లు విన్నదే. బురద పందెం దగ్గర మగవాళ్లు కేకలు వేశారు. మేక దగ్గర నవ్వారు. కవలల దగ్గర ఎవరో అయ్యో అన్నారు. నేను విననిది చివర్లో వచ్చింది. ఆమె ముసలిదై చనిపోతే ఆ ముసలాయన తన ఇంటి కిటికీలోంచి కనపడేలా ఒక పెద్ద చెట్టు కింద పాతిపెట్టించాడట. తలవైపు రాయి నిలబెట్టి పేరు చెక్కించాడట. ఇప్పటికీ ఆ రాయి చుట్టూ గడ్డి కోసి శుభ్రంగా ఉంచుతారట, దారిన పోయేవాళ్లు పూలు పెట్టిపోతారట. నాకొచ్చిన అరబ్బీకి అంతా అర్థమైంది. అక్కడికి వచ్చేసరికి మా ఆయన చదివిన వాక్యమే మళ్లీ చదివాడు.

కఫీల్ వాళ్ల అమ్మ కళ్లు తుడుచుకుంది. “నీ మొగుడు ఆ చోటు చూసొచ్చాడా?” అని నన్నడిగింది.

“లేదు. ఆ దేశమే చూడలేదు” అన్నాను.

“చూడకుండానే ఎంత బాగా చెప్పాడు తల్లీ!” అంది ఆమె.

నేను గిన్నె కింద పెట్టి, తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికి వచ్చేశాను.

ఆయన భోజనాలయ్యాక వచ్చాడు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, చేతుల్లో నాకోసం కట్టించుకొచ్చిన మాంసం అన్నం పళ్లెం. ముఖం వెలిగిపోతోంది. “యినబడిందా? ఎట్లుండాది?” అన్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. పెళ్లయినప్పటి నుంచీ నోటికి అలవాటైన ‘మీరు’ ఆ రోజు ఎటుపోయిందో పోయింది.

“ఇంగ్లండులో చెట్టు తెలుసు నీకు. దాని కింద గడ్డి తెలుసు. రాయి మీద ఏం చెక్కినారో తెలుసు. నా బిడ్డను యాడ పెట్టినావు నువ్వు? ఏ మూల పెట్టినావు? ఎవురి పక్కన పెట్టినావు? అది చెప్పందే ఈ పొద్దు నిన్ను ఇంట్లోకి రానియ్యను.”

“జరుగు. లోపలికొచ్చి చెప్తా.”

“జరగను. ఆన్నే నిలబడుకోని చెప్పు.”

ఆయన వంగి పళ్లెం నేల మీద పెట్టాడు. లేచి నిలబడి కూడా నా ముఖంలోకి చూడలేదు.

“నాకు తెల్దు” అన్నాడు.

నేను అబద్ధమనుకున్నాను. మళ్లీ అడిగాను. అప్పుడు చెప్పాడు, ఆగి ఆగి.

“ఆ పొద్దు అన్నీ గురుతు పెట్టుకున్యా. గోడ ఎంత దూరం, పక్కన ఏ గోరీ, తలకాడ రాయి ఎట్లుండాది, అన్నీ. మళ్ల శుక్రవారం నమాజైనంక పోతే ఆ తట్టంతా కొత్తయి వచ్చినాయి. అన్నీ ఒగే మాదిరి మట్టి, ఒగే మాదిరి రాళ్లు. ఈడ పేర్లు రాయరు గదా. ఇదే అనుకోని ఒకదాని కాడ నిలబడుకుంటి. కాదేమో అనిపిచ్చి ఇంగోదాని కాడికి పోతి. మీ అన్నను ఫోన్లో అడిగితే ఆయప్పకూ గురుతు లేదు. అప్పట్నించీ శుక్రవారం శుక్రవారం పోతానే ఉండా. ఇదే మన పాపది అని ఒక్కతూరి గూడా గట్టిగా అనుకోలేకపోయినా. కన్నబిడ్డ గోరీ పోగొట్టుకోని వచ్చినా. ఏమని చెప్పల్ల నీకు?”

శుక్రవారాలు. నమాజయ్యాక ఆలస్యంగా వచ్చే ప్రతి శుక్రవారమూ ఆయన ఎర్రదాని దగ్గర నిలబడి ఉన్నాడనుకుని నేను పళ్లు కొరుక్కున్నాను. పళ్లేలు ఎత్తేశాను, పలకరిస్తే పలక్కుండా పడుకున్నాను. ఆయన ఎవరి దగ్గర నిలబడి వస్తున్నాడో నాకేం తెలుసు?

“ఆ గుర్రానికి రాయి ఉండాది. ఎవురు పోయి అడిగినా ఇదే అని చూపిస్తారు. అది చదివిన కాడ్నించీ నాకు...” అని, గుమ్మం పక్కనే కూర్చున్నాడు.

నాకు అప్పుడు జాలి రావాలి. వచ్చింది, అబద్ధమెందుకు, కానీ వెనకగా వచ్చింది. ముందు వచ్చింది కుళ్లే. ఈసారి గుర్రం మీద కాదు. ఇన్ని శుక్రవారాలు నా బిడ్డ దగ్గరికి పోయాడు. దొరికినా దొరకకపోయినా ఆ మట్టి మీద నడిచాడు, దాన్ని వెతుక్కున్నాడు. ఆ వెతుకులాట అంతా ఒక్కడే దాచుకున్నాడు, నాకు ఒక్క శుక్రవారం కూడా పెట్టలేదు. చూపించలేనని సిగ్గుపడ్డాడు గానీ, వెతకడానికైనా నన్ను పిలవాలని తోచలేదు ఆ మనిషికి. అదంతా మొహం మీదే చెప్పాను. కసితీరా చెప్పి, ఆయన పక్కనే గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. మాంసం అన్నం మీద ఈగలు వాలాయి. ఇద్దరమూ తోలలేదు.

“వచ్చే వారం నేనూ వస్తా” అన్నాను.

“నిన్ను లోపలికి రానీరే.”

“గోడ బయటుంటా.”

వెళ్లాం. ఆ చోటికి ఒక పొడవాటి గోడ, ఒక ఇనప గేటు, అంతే. చెట్టు లేదు. గేటు తెరిచే ఉంది. కారును ఎదురుగా ఆపితే లోపల చిన్న చిన్న మట్టి దిబ్బలు, తలలవైపు పాతిన ముడి రాళ్లు, కంటికి ఆనినంత దూరం అవే. నేను ఇన్నాళ్లూ ఊహించుకున్నది ఇది కాదు. నా ఊహలో ఒక్కటే గోరీ ఉండేది.

ఆయన కారు తలుపు తెరిచి, దిగకుండా అలాగే కూర్చున్నాడు. “ఏదాని కాడ నిలబడల్ల?” అని నన్నడిగాడు. నిజంగానే అడిగాడు, నాకేదో తెలిసినట్టు.

“అన్నిటి కాడా” అన్నాను. “చిన్నవన్నిటి కాడా నిలబడు. ఒక్కదాన్నీ వదలొద్దు. యాడో ఒగచోట దాని కాడనే నిలబడుకోని ఉంటావు.”

ఆయన గేటు దాటి లోపలికి పోయాడు. నేను అద్దం దించి చూస్తూ కూర్చున్నాను. ఒకదాని దగ్గర ఆగుతాడు, చేతులెత్తుతాడు, పెదవులు కదులుతాయి, పక్కదాని దగ్గరికి పోతాడు. ఎండ నడినెత్తికి వచ్చినా ఆపలేదు. దాన్ని కన్నది నేను, దాని దగ్గర నడిచే కాళ్లు మాత్రం ఆయనవి. ఆ కాళ్ల మీద నాకు ఎంత అసూయ పుట్టిందో చెప్పలేను. గుర్రం మీద పడ్డ కుళ్లంతా కలిపినా దానిలో సగానికి రాదు.

వరసలన్నీ తిరిగి బయటికి వచ్చేసరికి ఆయన చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము. కారెక్కే ముందు, లోపల మాసిపోతుందని కాబోలు, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని డోరుకేసి కొట్టబోయాడు.

“దులపొద్దు” అన్నాను. “అట్లనే ఎక్కు.”